పాస్‌పోర్టు ఉంటే పుస్తకం చదివినట్టే!

పుస్తకం చదవడానికి కళ్ళెందుకండీ? పాస్‌పోర్టు ఉంటే చాలు!

ఈ మాట అన్నందుకు మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. మీరూ చూస్తారని తెలుసు. చూడండి, కాదనను. కానీ నేను ఊరికే మాట్లాడ్డం లేదు, అనుభవం మీద మాట్లాడుతున్నాను. మొన్ననే మూడు వందల పేజీల నవలని, ఒక్క పేజీ కూడా తిప్పకుండా, ఆరు రోజుల్లో పూర్తి చేసి వచ్చాను. విమానమెక్కి, బస్సులో తిరిగి, పడవలో కూర్చుని ఫొటోలు దిగి, కీచైన్లు కొనుక్కుని మరీ వచ్చాను.

సంగతి మొదట్నుంచీ చెప్తాను. మా అక్కయ్య కూతురు చేరిన కాలేజీలో ఒక పథకం ఉంది. మొదటి సంవత్సరం పిల్లలందరూ ఒకే పుస్తకం చదవాలి. చేరిన రోజే తలా ఒక కాపీ చేతిలో పెడతారు. అందరూ చదివి, గుంపులుగా కూర్చుని, దాని గురించి మాట్లాడుకోవాలి. అలా మాట్లాడుకుంటే ముక్కూమొహం తెలియని పిల్లలు నాలుగు రోజుల్లో స్నేహితులైపోతారని ఆలోచన.

ఆలోచనకేం, బంగారంలాంటిది! మరి పిల్లలు చదివారా? మొదటేడు పుస్తకాలు హాస్టల్లో కిటికీ రెక్కలు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. రెండో ఏడు పుస్తకం కాస్త లావు కావడంతో కుంటి మంచాలన్నీ బాగుపడ్డాయి. మూడో ఏడు పెద్ద హాల్లో చర్చ పెడితే, అంతమందిలో నోరు విప్పినవాడు ఒక్కడే. "సార్, ఆ వెనక ఫ్యాన్ కూడా వేస్తారా?" అని అడిగి కూర్చున్నాడు.

ఇదిగో, అప్పుడు ప్రిన్సిపాల్ గారి బుర్ర పనిచేసింది. నోరు తెరిస్తే 'విజన్' అంటారు కాబట్టి ఆయన వెనకాల అందరూ ఆయన్ని విజన్ గారనే అంటారు. "పిల్లలు పుస్తకం దగ్గరికి రాకపోతే ఏమయ్యా? పుస్తకంలో ఉన్న ఊరికే పిల్లల్ని తోలుకుపోదాం!" అన్నారాయన. కథ ఏ దేశంలో జరిగితే ఆ దేశానికి నలభై మంది. చదువుకి చదువు, విదేశానికి విదేశం!

ఇంత గొప్ప ఆలోచన మీకెప్పుడైనా వచ్చిందా? నాకూ రాలేదు. అందుకే మనం ప్రిన్సిపాళ్ళం కాలేదు.

పథకం బోర్డు మీద పెట్టిన రోజే మా మేనకోడలు పాస్‌పోర్టుకి అప్లికేషన్ పెట్టింది. క్యూలో తోడు నిలబడింది నేనే. ఫొటోలో చెవులు కనపడాలని ఆ ఆఫీసాయన రెండుసార్లు వెనక్కి పంపితే, జుట్టంతా బిగించి కట్టుకుని మూడోసారి దిగింది. పాస్‌పోర్టు వచ్చాక దాన్ని బీరువాలో, వాళ్ళమ్మ మంచి చీరల మధ్య పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగి ఊరు దాటని పిల్ల. ఆ నలభై మందిలో తనూ ఒకతె కావాలని దాని ప్రాణం కొట్టుకుపోయింది.

కానీ పిచ్చిపిల్ల, దానికి పద్ధతి తెలియదు. పుస్తకం చదవడం మొదలుపెట్టింది!

ఒకసారి కాదండీ, మూడుసార్లు చదివింది. అన్నం తింటూ, బస్సులో నిలబడి, ఆఖరికి దంతధావనం చేస్తూ కూడా చదివేది. మార్జిన్లలో పెన్సిల్‌తో ఏవేవో రాసుకునేది. మా ఇంటికొస్తే, "మామయ్యా, ఇందులో ఏమైందో తెలుసా..." అని మొదలుపెట్టేది. నేను వెంటనే రెండు చెవులూ మూసుకునేవాణ్ణి. "ఆగాగు! కథ చెప్పెయ్యకు. నేను చదవాలి!" అనేవాణ్ణి. పాపం, నోరు మూసుకునేది.

నేనెందుకు చదవాలి అంటారా? ఎందుకంటే నేను కమిటీలో ఉన్నాను. పత్రికలో వారం వారం రాస్తుంటాను కదా, 'పాఠకుల ప్రతినిధి' అని పేరు పెట్టి విజన్ గారు నన్ను పుస్తకాల ఎంపిక కమిటీలోకి లాగారు. కమిటీ అంటే ముగ్గురం. విజన్ గారు, నేను, ట్రావెల్ ఏజెంటు.

లైబ్రేరియన్ గారు లేరా అని అడక్కండి. ఆవిడా వచ్చారు, మొదటి మీటింగుకి. వచ్చి కూర్చుని, "ఈ జాబితాలో పుస్తకాలన్నీ నేను చదివానండీ" అన్నారు. గదిలో అందరి మొహాలూ మాడిపోయాయి. విజన్ గారు గొంతు సవరించుకుని, "అయితే మీకు ముందే ఒక అభిప్రాయం ఏర్పడిపోయి ఉంటుందమ్మా. కమిటీలో ఉండేవాళ్ళు నిష్పాక్షికంగా ఉండాలి" అన్నారు. ఆవిడ పర్సు తీసుకుని లేచి వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ అదొక రూలైపోయింది: పుస్తకం చదివినవాళ్ళు కమిటీలో ఉండకూడదు. న్యాయమే కదా! జడ్జీ గారు ముందే కేసు తెలిసినవారైతే మీరు ఒప్పుకుంటారా?

ఇక పుస్తకాన్ని ఎలా ఎంచామో చెప్తే మీరు చేతులెత్తి దండం పెడతారు. ఎడారి కథ ఒకటి వచ్చింది. ఏజెంటు నుదురు చిట్లించాడు. "ఎండ సార్. పిల్లలు వాడిపోతారు." కొట్టేశాం. జైలు కథ ఒకటి వచ్చింది. "జైల్లో నలభై మందికి గ్రూప్ బుకింగ్ దొరకదు సార్." కొట్టేశాం. ఆకలి మీద రాసిన నవలని విజన్ గారు ఎంతో ఇష్టపడ్డారు గానీ, మన హోటళ్ళన్నింట్లో పొద్దున్నే బఫే ఉంటుంది, పిల్లలకి ఆకలెలా తెలుస్తుంది? మూడొందల పేజీలూ ఒక ముసలావిడ వంటింట్లోనే జరిగే కథ మరొకటి. "ఆ వంటింట్లో నలభై మంది పట్టరు, బస్సు పార్కింగ్ అసలే లేదు" అన్నాడు ఏజెంటు. ఎంత సూక్ష్మంగా ఆలోచించాడో చూడండి! విమర్శకులు యాభై ఏళ్ళుగా ఆ నవల మీద రాస్తున్నారట, పార్కింగ్ సంగతి ఒక్కడికీ తట్టలేదు.

చివరికి ఆ నవల దొరికింది. అట్ట మీద పెద్ద సరస్సు. చుట్టూ కొండలు. నీలంగా, ప్రశాంతంగా, చూడగానే తువ్వాలు భుజానేసుకుని దిగాలనిపించేలా ఉంది. ఏజెంటు అట్ట చూడగానే లేచి నిలబడ్డాడు. "సార్, లేక్ వ్యూ రూములు! నేరుగా ఫ్లైటు! వీసా తలనొప్పి లేదు!" ముగ్గురం చప్పట్లు కొట్టాం. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం కాదు మేము. పరిశీలించే ఎంచాం. అట్టని ముందూ వెనకా తిప్పి చూశాం.

అవును, వెనకట్ట నేను పూర్తిగా చదివాను. పదమూడు వాక్యాలు. ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. 'సరస్సు అడుగున నిద్రపోతున్న జ్ఞాపకాలు' అని ఒక ముక్క ఉంటుంది అందులో. ఆహా, ఎంత కవిత్వం అనుకున్నాను!

తర్వాత నలభై మందిని ఎంచాలి. 'ఆ ఊళ్ళో నేను ఏం చూడాలనుకుంటున్నాను?' అని ఒక పేజీ వ్యాసం రాయమన్నాం. పేర్లు తీసేసి, నంబర్లు వేసి, కట్టలు నాకిచ్చారు దిద్దమని. నాకు బంధుప్రీతి అంటే ఒళ్ళుమంట. మా మేనకోడలి పేపరేదో తెలుసుకోవాలని కూడా నేను ప్రయత్నించలేదు. నిప్పులాంటి మనిషినండీ నేను!

ఒక మధ్యాహ్నం భోంచేసి కూర్చుని కట్టంతా దిద్దేశాను. దిద్దడం చాలా తేలిక. వెనకట్టలో ఉన్నది పేపర్లో ఉంటే మార్కులు, లేకపోతే లేవు. ఒక కుర్రాడు పదమూడు వాక్యాలూ పొల్లుపోకుండా దించాడు. పదికి తొమ్మిదిన్నర వేశాను. ఇంకొకమ్మాయి, 'సరస్సు ఒడ్డున కాఫీ తాగుతూ హీరో పడ్డ బాధని ఫీలవుతాను' అని రాసింది. ఎనిమిది. ఆ నవల్లో హీరోయే లేడన్న సంగతి నాకు అప్పటికి తెలియదు లెండి.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ముప్పై ఏడో నంబరు పేపరు దగ్గర నా బుర్ర తిరిగిపోయింది. అందులో ఏముందో తెలుసా? 'ఆ ఊరు ఇప్పుడు నీళ్ళ కింద ఉంది కదా, మనం ఎక్కడ దిగుతాం?' అని మొదలుపెట్టింది ఆ రాసిన మనిషి! తర్వాత తలుపుల గురించి రాసింది. ఊరొదిలి పోతూ జనం ఇళ్ళ తలుపులు ఊడదీసి, వీపున మోసుకుని, కొండ మీది కొత్త కాలనీకి పట్టుకెళ్ళారట. ఆ తలుపులు ఒక్కసారి చూడాలట, ముట్టుకోవాలట!

ఏమిటండీ ఈ గోల? సరస్సు గురించి రాయమంటే తలుపుల గురించా? వెనకట్ట మీద ఒక్క తలుపైనా లేదే! చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా? నాకు కోపం ఆగలేదు. ఎర్ర సిరాతో రాశాను: 'విషయానికి సంబంధం లేదు. ఊహలు ఎక్కువ. పుస్తకం శ్రద్ధగా చదవాలి.' పదికి రెండు వేశాను. ఆ రెండూ చేతిరాత గుండ్రంగా ఉన్నందుకు.

జాబితా బయటికొచ్చింది. మా మేనకోడలి పేరు లేదు. నాకు బాధ కలగలేదా? కలిగింది. కానీ చెప్పానుగా, నిప్పు! "ఏం చేస్తామమ్మా, పోటీ ఎక్కువ" అని తల నిమిరాను. "సరేలే మామయ్యా" అంది. అంతే అంది. నేను పిల్లలకి తోడుగా వెళ్తున్నానని తెలిసి బట్టలు సర్దడానికి వచ్చింది. పెట్టెలో తన పుస్తకం కూడా పెట్టబోయింది. ఏజెంటు ముందే చెప్పాడు కదా, బరువు ఎక్కువైపోతుంది, పుస్తకాలు తీసుకురావద్దని. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకనెట్టుకెళ్ళినట్టు, ఊరే చూడబోతుంటే మధ్యలో పుస్తకమెందుకు? తీసి బల్ల మీద పెట్టేశాను. పిల్లల పుస్తకాలు నలభై కూడా కాలేజీలోనే ఉండిపోయాయి. ఇదివరకు రీడింగ్ రూము అనేవారే, ఇప్పుడు దాన్ని 'గ్లోబల్ డెస్క్' చేశారు, అందులో అట్టపెట్టెల్లో వరసగా సర్దారు. లైబ్రేరియన్ గారి కుర్చీ జెరాక్స్ మిషను పక్కకి మారింది. ఆవిడకి అక్కడ గాలి బాగా వస్తుందట.

బయల్దేరాం. అందరికీ ఒకే రకం టీ షర్టులు. ముందు వైపు సరస్సు, వెనక వైపు 'నేను ఆ పుస్తకం చదివాను' అని పెద్ద అక్షరాలు. నాకిచ్చింది ఒక సైజు చిన్నది కావడంతో 'చదివాను' అన్నది నడుం దగ్గర ముడతల్లోకి పోయింది. అంత నిజాయితీ గల టీ షర్టు నేనింతవరకూ తొడుక్కోలేదు.

విదేశంలో చదువంటే ఏమిటో అక్కడే తెలిసింది. ఎయిర్‌పోర్టులో చదివాం, 'లగేజీ ఇటు'. హోటల్లో చదివాం, 'వైఫై పాస్‌వర్డ్'. ఒకడు లిఫ్టులో ఇరుక్కుపోయి 'అత్యవసర సూచనలు' మొత్తం, ఆపకుండా, రెండుసార్లు చదివాడు. ఏ రీడింగ్ రూములో కూర్చోబెడితే వాడంత ఏకాగ్రతతో చదివేవాడు చెప్పండి?

నాలుగో రోజు పడవెక్కాం. సరస్సు అచ్చం అట్ట మీద ఉన్నట్టే ఉంది. పడవ నడిపేది ఒక నడివయసావిడ. నడిమధ్యకి తీసుకెళ్ళి ఇంజను ఆపేసింది. మా గైడు ఆవిడ మాటల్ని మాకు చెప్పాడు: "మీరు ఆ పుస్తకం చదివినవాళ్ళు కదా, ఇక్కడ కాసేపు మౌనంగా ఉండాలనుకుంటారని ఆపింది."

"ఎందుకు?" అన్నాను నేను.

ఆవిడ నా వైపు వింతగా చూసింది. వేలితో కిందికి చూపించింది. "ఇక్కడే కదా పోస్టాఫీసు. మనకి సరిగ్గా కింద."

నలభై మంది పిల్లలూ, నేనూ, ఏజెంటూ నీళ్ళలోకి తొంగి చూశాం. నాకు ముప్పై ఏడో నంబరు పేపరు గుర్తొచ్చింది. తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం, వీపుల మీద 'నేను ఆ పుస్తకం చదివాను' అని రాసుకుని.

"రేపు కొండ మీదికి వస్తారుగా?" అని అడిగింది ఆవిడ. "మా అమ్మ మోసుకొచ్చిన తలుపు ఇంకా ఉంది అక్కడ. పుస్తకం చదివి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాను."

ఏజెంటు టూర్ ప్లాన్ తీసి చూశాడు. "రేపు షాపింగ్ సార్. కొండ లేదు."

ఏదో ఒకటి అనాలి కదా, నేనేమన్నానో తెలుసా? "తలుపులాండీ? మా హోటల్లో కూడా మంచి తలుపులున్నాయి" అన్నాను. గైడు నా మొహంలోకి చూశాడు. ఆ మాట ఆవిడకి చెప్పలేదు. మంచివాడు, పదికాలాలు చల్లగా ఉండాలి.

తిరిగొచ్చాక మా అక్కయ్య ఇంటికి వెళ్ళాను. సరస్సు బొమ్మ ఉన్న కీచైను మా మేనకోడలి చేతిలో పెట్టాను. అది దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మొహం వెలిగిపోతుండగా అడిగింది. "మామయ్యా, కొండ మీద తలుపులు చూశావా? అవి ఇంకా ఉన్నాయటగా, పుస్తకం ఆఖరి పేజీలో ఉంది!"

"ఉన్నాయట. టైము చాల్లేదు" అన్నాను. తర్వాత ఎందుకో నోరు ఊరుకోక, "ఈ తలుపుల సంగతి నువ్వు... వ్యాసంలో ఏమైనా రాశావా?" అని అడిగాను.

అది లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చింది. మడతలు విప్పింది. మూలన ముప్పై ఏడు. కింద ఎర్ర సిరా. 'పుస్తకం శ్రద్ధగా చదవాలి.'

"నీ చేతిరాత నాకు తెలియదా మామయ్యా? చిన్నప్పుడు నా నోటు పుస్తకాలకి అట్టలేసి పేర్లు రాసింది నువ్వేగా."

"ఎప్పుడు చూశావే?"

"పేపర్లు తిరిగిచ్చిన రోజే."

అంటే నా బట్టలు సర్దడానికి ముందే! "మరి అప్పుడే నన్ను అడగొచ్చు కదమ్మా? కడిగెయ్యొచ్చు కదా!"

"అడిగితే కథంతా చెప్పాల్సొచ్చేది" అంది. "నువ్వు చెప్పొద్దన్నావుగా."

మా అక్కయ్య వంటింట్లోంచి కాఫీ తెచ్చింది. నేను తాగలేకపోయాను. ఆ పిల్ల కొట్టినా తిట్టినా బావుండేది. సిగ్గుతో చచ్చిపోయాను, ఇందులో వ్యంగ్యమేమీ లేదు.

దాని పుస్తకం అడిగి తెచ్చుకుని చదివాను. మూడు రోజులు పట్టింది. ఉత్తరాలు పంచే ఆవిడ కథండీ అది. ఆనకట్ట కోసం ఊరు ఖాళీ అయిపోయాక ఎవరి ఉత్తరం ఎక్కడివ్వాలో తెలియక, కొండ మీద కొత్త ఇళ్ళ మధ్య తిరుగుతూ, పాత తలుపుని బట్టి మనుషుల్ని పోల్చుకుంటుంది. చాలాచోట్ల నవ్వించింది, రెండు చోట్ల ఏడిపించింది. నూట పన్నెండో పేజీలో ఒక పెద్దమనిషి ఉంటాడు. ఊళ్ళో అన్నీ తనకే తెలుసంటాడు, వీపు మీద తలుపు ఉందన్న సంగతి మరిచిపోయి గుమ్మంలో అడ్డంగా ఇరుక్కుంటాడు. ఆ మార్జిన్లో పెన్సిల్‌తో మా మేనకోడలు రాసుకుంది: 'ఇది మామయ్యకి చెప్పాలి. పడీ పడీ నవ్వుతాడు.'

నవ్వానండీ. చాలాసేపు.

మర్నాడు విజన్ గారి దగ్గరికి వెళ్ళి, నేను పొరపాటు చేశాను, వచ్చే ఏడైనా మా ముప్పై ఏడో నంబరుని కొండ మీదికి పంపండి, లేదా పుస్తకం ఎంచడానికి ఆ పిల్లనీ లైబ్రేరియన్ గారినీ కమిటీలో వేసుకోండి అని అడిగాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "ఆ అమ్మాయి మూడుసార్లు చదివిందంటున్నారు, కమిటీకి ఎలా పనికొస్తుంది? ఇక ట్రిప్ అంటారా, అది మొదటి సంవత్సరం వాళ్ళకే, వచ్చే ఏడు అమ్మాయి రెండో సంవత్సరం" అన్నారు. తర్వాత కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "మీరు... ఆ పుస్తకం గాని చదివేశారా?"

అబద్ధమాడలేకపోయాను. "చదివానండీ" అన్నాను.

"అయ్యో!" అన్నారు. ఆ సాయంత్రమే నన్ను కమిటీలోంచి తీసేశారు. నా స్థానంలో టీ షర్టులు కుట్టించినాయన వచ్చాడు. వచ్చే ఏటి పుస్తకం అట్ట మీద మంచు కొండ ఉందట, స్వెట్టర్లకి కొలతలు కూడా మొదలయ్యాయి.

అందుకే చెప్తున్నాను, నా మాట వినండి. మీ పిల్లలు విదేశాలకి వెళ్ళాలంటే ఈ పథకాన్ని మించింది లేదు! వెనకట్ట కంఠతా పట్టించండి. ఎవరైనా కథ చెప్పబోతే చెవులు మూసుకోమనండి. పొరపాటున కూడా అట్ట తెరవనివ్వకండి. తెరిచారా, పాస్‌పోర్టు చీరల మధ్యే ఉంటుంది. మా మేనకోడలిది అక్కడే ఉంది. మొన్న మా అక్కయ్య బీరువా తెరిస్తే చూశాను. చెవులు రెండూ కనపడుతూ, ఆ మొదటి పేజీలో పిల్ల నవ్వాపుకుంటూ కూర్చుని ఉంది. మిగతా పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి.